వేటకు బిగ్ బోర్ ఎయిర్ రైఫిళ్లు: ఎంపిక, పోలికలపై తరచుగా అడిగే ప్రశ్నలు

బిగ్ బోర్ ఎయిర్ రైఫిల్ అని దేన్ని అంటారు?

అధిక పీడనంతో ముందుగానే నింపి ఉంచిన గాలితో, 0.25 అంగుళాల కంటే ఎక్కువ వ్యాసమున్న గుండును కాల్చే రైఫిల్‌ను సాధారణంగా బిగ్ బోర్ అంటారు. 0.177, 0.20, 0.22, 0.25 క్యాలిబర్లు చిన్న బోరు కిందికి వస్తాయి. 0.30 దగ్గర మాత్రం అభిప్రాయాలు చీలిపోతాయి. దాన్ని బిగ్ బోర్‌లో చేర్చేవారు ఉన్నారు, 0.357 నుంచే అసలు లెక్క మొదలవుతుందనేవారూ ఉన్నారు. వేట దృష్టితో చూస్తే రెండో మాటే సబబు. 0.30 రైఫిళ్లలో ఎక్కువ భాగం 100 ఫుట్-పౌండ్ల (ఒక పౌండు బరువును ఒక అడుగు ఎత్తడానికి పట్టే శక్తి ఒక ఫుట్-పౌండ్) చుట్టుపక్కల శక్తినిచ్చేవి కాబట్టి అవి నక్క, రకూన్ స్థాయి జంతువులకు సరిపోతాయి తప్ప జింకకూ అడవి పందికీ చాలవు.

స్ప్రింగుతో పనిచేసే రైఫిళ్లకు ఈ పోలికలో చోటు లేదు. ఇక్కడ చెప్పేదంతా గాలి ట్యాంకు ఉన్న రైఫిళ్ల గురించే.

గాలి తుపాకీతో పెద్ద జంతువులను వేటాడటం కొత్త ఆలోచనా?

కాదు. 1779 ప్రాంతంలో బార్తొలొమియో జిరార్దోని రూపొందించిన గాలి రైఫిల్‌ను ఆస్ట్రియా సైన్యం వాడింది. దాని మ్యాగజైన్‌లో 20కి పైగా గుండ్లు పట్టేవి. భుజానికి ఆనించే తుపాకీ మడమ స్థానంలో ఉండే ఇనుప బుడ్డే దాని గాలి ట్యాంకు. 1804-1806 మధ్య అమెరికా పశ్చిమ ప్రాంతాలకు సాగిన లూయిస్, క్లార్క్ యాత్ర కూడా ఒక గాలి రైఫిల్‌ను వెంట తీసుకెళ్లింది. నేటి బిగ్ బోర్‌కు కొత్తగా వచ్చినవి ప్రధానంగా 200 నుంచి 300 బార్ల పీడనాన్ని తట్టుకునే ట్యాంకులు, వాటిని నింపే సాధనాలు.

శక్తి కోసం క్యాలిబర్‌నే ఎందుకు పెంచుతారు? పీడనాన్ని పెంచితే సరిపోదా?

ఈ రైఫిళ్లను పోల్చేటప్పుడు ఎదురయ్యే సగం ప్రశ్నలకు సమాధానం ఇక్కడే దొరుకుతుంది కనుక దీన్ని కొంత వివరంగా చెప్పడం అవసరం.

308 విన్‌చెస్టర్ అనే రైఫిల్ తూటాలో మందు మండినప్పుడు పీడనం గరిష్ఠంగా 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) వరకు వెళ్లవచ్చు. ఎయిర్ రైఫిల్ వాల్వ్ వెనుక సాధారణంగా ఉండేది 3,000 పీఎస్ఐ మాత్రమే. దాన్ని 4,500కు పెంచినా తుపాకీ మందుతో పోలిస్తే అది ఏమూలకూ రాదు. అందువల్ల తయారీదారు చేతిలో మిగిలేవి రెండే: గాలి తోసే గుండు వెనుక భాగపు వైశాల్యం, ఆ తోపు సాగే బ్యారెల్ పొడవు. 0.25 అంగుళాల గుండు మీద 3,000 పీఎస్ఐ కలిగించే బలం సుమారు 147 పౌండ్లు. వ్యాసం రెట్టింపై 0.50 అయితే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది, బలం దాదాపు 589 పౌండ్లకు చేరుతుంది. అదే పీడనంతో, అదే బ్యారెల్ పొడవుతో నాలుగు రెట్ల శక్తికి అవకాశం కలిగిందన్నమాట.

ఇది ఆదర్శ లెక్క. వాస్తవంలో గుండు ముందుకు కదిలేకొద్దీ దాని వెనుక పీడనం పడిపోతుంది, వాల్వ్ దారిలో కొంత నష్టమవుతుంది, గాలి తన బరువును తానే ముందుకు తోసుకోవలసి వస్తుంది. 3,000 పీఎస్ఐ పీడనం 29.5 అంగుళాల బ్యారెల్ పొడవునా ఏమాత్రం తగ్గకుండా నిలిస్తే 0.50 గుండుకు దాదాపు 1,450 ఫుట్-పౌండ్లు రావాలి. ఆ కొలతలకు దగ్గరగా ఉండే ఉమారెక్స్ హ్యామర్‌కు కంపెనీ చెప్పే శక్తి 700 ఫుట్-పౌండ్ల పైన, అంటే అందులో ఇంచుమించు సగం. ఒక గాలి యంత్రానికి ఇది మంచి ఫలితమే. ఏ రైఫిల్ ప్రకటనలోనైనా ఈ ఆదర్శ లెక్కలో నాలుగింట మూడు వంతులకు మించిన అంకె కనిపిస్తే ఒకసారి ఆగి ఆలోచించడం మంచిది.

బరువైన గుండు ఈ రైఫిళ్లలో ఎక్కువ శక్తిని రాబట్టడానికి కారణం కూడా ఇదే. తేలికపాటి గుండు గాలి తన పని పూర్తిచేయకముందే బ్యారెల్ దాటిపోతుంది. బరువైనది నెమ్మదిగా కదులుతూ ఆ తోపును ఎక్కువసేపు అందుకుంటుంది.

కంపెనీలు ప్రకటించే ఫుట్-పౌండ్ల అంకెలను పోలికకు వాడవచ్చా?

వాడవచ్చు. అయితే ఆ అంకె ఏ గుండుతో, ఎన్నో షాట్‌లో, ఎంత పీడనం దగ్గర వచ్చిందో తెలిసినప్పుడే దానికి విలువ. ప్రకటనల్లో కనిపించేది దాదాపు ఎప్పుడూ నిండు ట్యాంకుతో, అన్నిటికంటే బరువైన గుండుతో కాల్చిన మొదటి షాట్ శక్తి.

లెక్క కట్టే పద్ధతి సులువు. గ్రెయిన్లలో (గుండ్ల బరువుకు వాడే చిన్న కొలత) గుండు బరువును, సెకనుకు అడుగుల్లో వేగపు వర్గంతో గుణించి 450,240తో భాగిస్తే ఫుట్-పౌండ్లు వస్తాయి. దాన్ని 1.356తో గుణిస్తే జౌల్స్. ఉదాహరణకు 350 గ్రెయిన్ల గుండు 800 అడుగుల వేగంతో బయటికి వస్తే దాని శక్తి 497 ఫుట్-పౌండ్లు. ట్యాంకులో పీడనం తగ్గి రెండో షాట్ 720 అడుగులకు పడిపోతే శక్తి 403కు దిగుతుంది. వేగం పది శాతం తగ్గితే శక్తి పంతొమ్మిది శాతం తగ్గింది. ప్రకటనలో 500 ఫుట్-పౌండ్ల రైఫిల్ అని చదివిన వేటగాడు రెండో షాట్‌కు నిజంగా చేతిలో పట్టుకున్నది 400 ఫుట్-పౌండ్ల రైఫిల్‌ను. గాయపడిన జంతువు మీద కాల్చవలసి వచ్చేది కూడా ఆ రెండో షాటే.

అందువల్ల రెండు రైఫిళ్లను పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు మొదటి షాట్ శక్తికి బదులు, ఒక నింపులో మొదటి మూడు షాట్ల వేగాలను చూడండి. స్కోప్ మీద చేసే ఖర్చులో కొంత తగ్గించుకునైనా గుండు వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫ్ కొనుక్కోవాలన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

0.30, 0.357, 0.45, 0.50: ఏ క్యాలిబర్ ఏ జంతువుకు?

0.30 క్యాలిబర్ నక్క, రకూన్, దగ్గరి దూరంలో కోయోట్ వంటివాటికి సరైనది. ఒక నింపుకు ఎక్కువ షాట్లు, చదునైన గమనం, మంచి గురి దీని బలాలు. 0.357 మధ్యస్థం: కోయోట్‌కు నిశ్చింతగా, చిన్న అడవి పందికి జాగ్రత్తగా వాడదగినది. ఎదిగిన జింకకు అది చాలుతుందా అన్న ప్రశ్నకు సమాధానం రైఫిల్‌ను బట్టి మారుతుంది, ఎందుకంటే ఈ క్యాలిబర్‌లోనే 120 ఫుట్-పౌండ్లిచ్చేవీ ఉన్నాయి, అంతకు రెండింతలకు పైగా ఇచ్చేవీ ఉన్నాయి.

0.45, 0.50 క్యాలిబర్ల మధ్య తేడాను వేటగాళ్లు అవసరానికి మించి చర్చిస్తారు. రెండూ జింకకూ పందికీ సరిపోయేవే. 0.50 ఎక్కువ గాలి మింగుతుంది, గుండు మరింత వంపుగా కిందికి దిగుతుంది. 0.45లో గుండ్ల రకాలు, అచ్చులు విరివిగా దొరుకుతాయి. మరో కారణం లేకపోతే 0.45 తీసుకోవడమే తెలివైన పని.

ప్రసిద్ధ మోడళ్ల మధ్య అసలు తేడాలేమిటి?

అమెరికాలోని ఫోర్ట్‌వర్త్‌లో ఎయిర్‌ఫోర్స్ సంస్థ తయారుచేసే టెక్సన్ ఈ తరగతికి ఒక కొలబద్దలా నిలిచింది. 34 అంగుళాల పొడవైన బ్యారెల్, మడమ భాగంగా ఉండే 490 ఘనపు సెంటీమీటర్ల ట్యాంకు, 3,000 పీఎస్ఐ నింపు దీని ప్రధాన లక్షణాలు. 0.457 మోడల్‌కు 500 ఫుట్-పౌండ్లు ప్రకటించారు. పక్కనున్న లివర్‌ను కదిపితే బ్రీచ్ (బ్యారెల్ వెనుక వైపు నోరు) తెరుచుకుంటుంది, అదే కదలికతో రైఫిల్ కాక్ అవుతుంది, అంటే కాల్చడానికి సిద్ధమవుతుంది. ఆ తర్వాత గుండును వేలితో బ్యారెల్‌లోకి పెట్టాలి. లివర్ కదపడానికి పెద్ద బలం అక్కర్లేదు. మ్యాగజైన్ లేదు, వాల్వ్‌కు చేరే పీడనాన్ని ఒకే స్థాయిలో ఉంచే రెగ్యులేటర్ లేదు, కనుక చెడిపోయే భాగాలు తక్కువ. దీని లోపం పొడవు. మొత్తం నాలుగడుగులుండే రైఫిల్‌తో పొదల మధ్య, ఇరుకైన మంచె మీద తిప్పడం ఇబ్బందే. కార్బన్ ఫైబర్ ట్యాంకుతో వచ్చే రూపంలో నింపు పీడనం 3,625 పీఎస్ఐకి పెరుగుతుంది, బరువు తగ్గుతుంది.

జర్మనీకి చెందిన ఉమారెక్స్ సంస్థ హ్యామర్‌ను పూర్తిగా వేరే ఆలోచనతో చేసింది. 0.50 క్యాలిబర్, 4,500 పీఎస్ఐ నింపే కార్బన్ ఫైబర్ ట్యాంకు, 3,000 పీఎస్ఐ దగ్గర నిలిపి ఉంచే రెగ్యులేటర్. బోల్ట్‌ను రెండంగుళాలు వెనక్కి లాగితే రైఫిల్ కాక్ అవుతుంది, రెండు గుండ్లు పట్టే గది పక్కకు జరిగి తర్వాతి గుండు బ్యారెల్‌కు ఎదురుగా వస్తుంది. చెంప మడమ మీంచి ఎత్తకుండానే రెండో షాట్ సిద్ధమవుతుంది. 550 గ్రెయిన్ల గుండును 760 అడుగుల వేగంతో వదులుతుందని, ఒక నింపుకు పూర్తి శక్తితో మూడు షాట్లు వస్తాయని కంపెనీ చెబుతుంది. వేటలో రెండో షాట్ విలువ తెలిసినవారికి ఈ నిర్మాణం నచ్చుతుంది. 4,500 పీఎస్ఐ గాలి సమకూర్చుకోవడమే ఇందులో ఖర్చుతో కూడిన పని.

బెంజమిన్ బుల్‌డాగ్ 0.357 క్యాలిబర్‌లో వచ్చే బుల్‌పప్. ట్రిగ్గర్‌ను ముందుకు జరిపి యంత్ర భాగాన్ని మడమలో పెట్టడం వల్ల 28 అంగుళాల బ్యారెల్ ఉండి కూడా మొత్తం పొడవు మూడడుగులకు పరిమితమైంది. ఐదు గుండ్ల మ్యాగజైన్, 3,000 పీఎస్ఐ నింపు, 200 ఫుట్-పౌండ్ల వరకు శక్తి. మంచె మీద కూర్చుని వేటాడేవారికి ఇంత అనువైనది తక్కువ. బుల్‌పప్‌లన్నిటికీ ఉన్న బలహీనతే దీనికీ ఉంది: ట్రిగ్గర్‌కూ దాని యంత్రానికీ మధ్య పొడవాటి కడ్డీ ఉండటం వల్ల నొక్కినప్పుడు స్పష్టత కొంత తగ్గుతుంది.

కొరియాలో తయారై సెనెకా పేరుతో అమ్ముడయ్యే డ్రాగన్ క్లా 0.50 క్యాలిబర్ సింగిల్ షాట్. 500 ఘనపు సెంటీమీటర్ల గాలి నిల్వ, రెండు శక్తి స్థాయులు ఉన్నాయి. శక్తి 200 ఫుట్-పౌండ్ల పైచిలుకు మాత్రమే. క్యాలిబర్ పేరు చూసి దీన్ని హ్యామర్‌తో పోల్చడం పొరపాటు. శక్తి విషయంలో ఇది బుల్‌డాగ్ వరుసలో కూర్చునే రైఫిల్. తక్కువ వేగంతో గుండ్రని సీసపు గుండును విసిరే సరళమైన పనిముట్టుగా చూస్తే మాత్రం నిరాశపరచదు.

టర్కీకి చెందిన హాట్సన్ కార్నివోర్, స్వీడన్‌కు చెందిన ఎఫ్ఎక్స్ ఇంపాక్ట్ వంటివి మ్యాగజైన్‌తో వస్తాయి. వాటిని ముఖ్యంగా 0.30 క్యాలిబర్‌లో చిన్న జంతువుల వేటకు ఎంచుకుంటారు. ఇంపాక్ట్‌లో దాదాపు ప్రతి అంశాన్నీ సవరించుకునే వీలుంది, అదే కొందరికి తలనొప్పి కూడా. ఇవి కాక అమెరికాలోని మిస్సోరీకి చెందిన డెనిస్ క్వాకెన్‌బుష్ చిన్న వర్క్‌షాప్‌లో చేసిన రైఫిళ్లకు ఈ రంగంలో ప్రత్యేక గౌరవం ఉంది. కర్మాగారాలు పట్టించుకోని కాలంలో బిగ్ బోర్ వేటను నిలబెట్టినవాటిలో అవి ముఖ్యమైనవి.

ఒక నింపుకు ఎన్ని షాట్లు రావాలి? రెగ్యులేటర్ తప్పనిసరా?

పూర్తి శక్తితో కాల్చే 0.45, 0.50 రైఫిళ్లలో రెండు మూడు, 0.357లో ఐదు నుంచి పది వరకు ఆశించవచ్చు. ఇది లోపమేమీ కాదు. జింక వేటలో ఒక రోజులో కాల్చే షాట్లు సాధారణంగా ఒకటి రెండుకు మించవు. గురి సాధన చేసే రోజున మాత్రం ఈ కొరత బాగా తెలుస్తుంది.

రెగ్యులేటర్ తప్పనిసరి కాదు. అది లేని రైఫిల్‌లో ట్యాంకు పీడనం మరీ ఎక్కువగా ఉన్నప్పుడు లోపలి సుత్తి దెబ్బకు వాల్వ్ పూర్తిగా తెరుచుకోదు, అందువల్ల వేగం తగ్గుతుంది. పీడనం దిగేకొద్దీ వేగం పెరిగి, ఒక శిఖరం చేరి, మళ్లీ పడిపోతుంది. ఆ శిఖరానికి అటూ ఇటూ ఉన్న షాట్లే పనికొచ్చేవి. అందుకే కొన్ని రైఫిళ్లను 3,000 పీఎస్ఐ దాకా నింపితే మొదటి షాట్ కిందికి పోతుంది, 2,800 దగ్గర ఆపితే మూడు షాట్లూ ఒకే చోట పడతాయి. ఏ రైఫిల్‌కు ఏ అంకె అనేది క్రోనోగ్రాఫ్ ముందు కూర్చుని రాసుకోవలసిందే.

పెల్లెట్, గుండ్రని గుండు, స్లగ్: ఏది వాడాలి?

నడుము సన్నగా ఉండే పెల్లెట్ 0.30 వరకు, 50 మీటర్ల లోపు చక్కగా పనిచేస్తుంది. దాని ఆకారమే గాలి నిరోధాన్ని పెంచుతుంది కనుక దూరం పెరిగేకొద్దీ వేగం త్వరగా కోల్పోతుంది. గుండ్రని సీసపు గుండు తేలిక, చవక, దగ్గరి దూరంలో నమ్మకమైనది. జింకకూ పందికీ మాత్రం స్లగ్, అంటే తూటా ఆకారంలో ఉండే బరువైన సీసపు గుండు వాడాలి.

సీసం మెత్తగా ఉండాలి. రాగి తొడుగున్న తుపాకీ తూటాలను, గట్టి మిశ్రమంతో పోసినవాటిని బ్యారెల్ గాడుల్లోకి ఎక్కించడానికి గాలి బలం వృథా అవుతుంది. ముందు భాగంలో గుంట ఉన్న స్లగ్ విచ్చుకోవాలంటే సీసం మెత్తదనంతో పాటు వేగం కూడా కావాలి. 700 అడుగుల దగ్గర చాలా స్లగ్‌లు అంతంతమాత్రంగానే విచ్చుకుంటాయి. మందమైన చర్మం, భుజం మీద గట్టి కవచంలాంటి పొర ఉండే మగ పందికి విచ్చుకునే స్లగ్ కంటే చదును ముక్కున్న బరువైన స్లగ్ మేలు, ఎందుకంటే అది లోతుకు వెళుతుంది.

కొనేముందు చూడవలసిన చిన్న సంగతి ఒకటుంది. పెట్టె మీద 45 అని ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. పిస్తోలు తూటాల వ్యాసం 0.452 అంగుళాలు, పాతకాలపు 45 రైఫిల్ తూటాలది 0.457 లేదా 0.458. టెక్సన్ బ్యారెల్ 0.457ది. అందులో 0.452 గుండు పెడితే ఏ పట్టూ లేకుండా జారిపోతుంది. సరైన గుండును బొటనవేలితో బ్రీచ్‌లోకి తోసినప్పుడు మొదట సాఫీగా వెళ్లి, చివరి భాగంలో గట్టిగా అడ్డు తగిలి, కొద్దిగా ఒత్తితే కూర్చుంటుంది. వేలినొప్పి పుట్టేంత బలం కావలసివస్తే అది పెద్దది, ఒత్తకుండానే లోపల పడిపోతే చిన్నది.

ఎంత దూరం వరకు కాల్చవచ్చు?

రైఫిల్ శక్తి కంటే ముందు గుండు గమనపు వంపే ఈ హద్దును నిర్ణయిస్తుంది. సగటున సెకనుకు 260 మీటర్ల వేగంతో పోయే గుండును, బ్యారెల్ కంటే 5 సెంటీమీటర్ల ఎత్తులో బిగించిన స్కోప్‌తో 50 మీటర్లకు జీరో చేశారనుకోండి, అంటే ఆ దూరంలో గుండు సరిగ్గా గురి మీదే పడేలా సరిచేశారు. 80 మీటర్ల దగ్గర అది గురి కంటే సుమారు 14 సెంటీమీటర్లు, 90 దగ్గర 22, 100 దగ్గర 31కి పైగా కిందికి పడుతుంది. దారిలో వేగం తగ్గడాన్ని కలిపితే ఈ అంకెలు ఇంకొంచెం పెరుగుతాయి.

జింక గుండె, ఊపిరితిత్తుల ప్రాంతం సుమారు 20 సెంటీమీటర్ల వెడల్పుంటుంది, అంటే మధ్యలో గురిపెట్టినప్పుడు అటూ ఇటూ 10 సెంటీమీటర్ల వెసులుబాటు. 90 మీటర్లను 80 అనుకుంటే అందులో 8 సెంటీమీటర్లు ఆ ఒక్క పొరపాటుకే ఖర్చయిపోతాయి. కాబట్టి దూరాన్ని కొలిచే రేంజ్‌ఫైండర్ ఈ వేటలో అలంకారం కాదు. కాగితం మీద ఏ రైఫిల్ ఎంత దూరం కొడుతుందన్న మాట పక్కనపెట్టి, అడవిలో కూర్చునే భంగిమలోనే వరుసగా ఐదు గుండ్లను 10 సెంటీమీటర్ల వలయంలో ఎంత దూరం నుంచి వేయగలరో అదే మీ హద్దు అనుకోవాలి. చాలామందికి అది 50 నుంచి 75 మీటర్ల మధ్య ఉంటుంది.

ఇంకొక విషయం. ఈ గుండ్లు ధ్వని కంటే నెమ్మదిగా పోతాయి. 75 మీటర్ల దూరంలో ఉన్న జంతువుకు పేలుడు శబ్దం 0.22 సెకన్లలో చేరితే గుండు చేరేసరికి 0.29 సెకన్లవుతుంది. బెదిరి చెవులు నిక్కించిన జంతువు ఆ తేడాలో కదలగలదు. ప్రశాంతంగా మేస్తున్న జంతువు మీద తప్ప దూరపు షాట్ వేయకపోవడానికి ఇది తగిన కారణం.

తుపాకీ తూటా కంటే ఇంత తక్కువ శక్తితో జంతువు ఎలా పడిపోతుంది?

308 తూటా 150 గ్రెయిన్ల బరువుతో, 2,800 అడుగుల వేగంతో సుమారు 2,600 ఫుట్-పౌండ్ల శక్తిని మోసుకెళుతుంది. హ్యామర్ 550 గ్రెయిన్ల స్లగ్ శక్తి అందులో దాదాపు నాలుగో వంతు. అయితే బరువును వేగంతో గుణించి వచ్చే ద్రవ్యవేగాన్ని చూస్తే రెండూ ఇంచుమించు సమానం. సెకనుకు కిలోగ్రామ్-మీటర్లలో రెండూ దాదాపు 8.3. బరువైన సీసపు ముద్ద నెమ్మదిగా పోతున్నా ఆగకుండా లోతుకు ఎందుకు దిగుతుందో ఈ పోలిక చెబుతుంది.

అయినా రెండూ ఒకటే అనుకోకూడదు. వేగవంతమైన తూటా తన దారికి చుట్టుపక్కల ఉన్న కణజాలాన్ని కూడా ఛిద్రం చేస్తుంది. బిగ్ బోర్ స్లగ్ తాను తాకినంత మేరకే రంధ్రం చేస్తుంది. జంతువు రక్తస్రావంతో, ఊపిరితిత్తులు కుప్పకూలి చనిపోతుంది, ఈ విషయంలో ఇది బాణపు వేటకు దగ్గరిది. అందుచేత పక్కగా నిలబడిన జంతువు ముందుకాలి వెనుక, రెండు ఊపిరితిత్తులూ దాటేలా వేసిన షాటే సరైనది. ఎదురుగా ఉన్న ఛాతీ మీద, వెనుక నుంచి, పరుగులో ఉన్నప్పుడు కాల్చకూడదు. మంచి షాట్ తగిలాక కూడా జంతువు కొంత దూరం పరిగెత్తడం మామూలే. అరగంట ఆగి రక్తపు జాడ వెంట వెళ్లాలి.

శబ్దం, వెనుకదన్ను ఎంత ఉంటాయి?

గాలి తుపాకీ నిశ్శబ్దంగా ఉంటుందన్న నమ్మకం బిగ్ బోర్ విషయంలో చెల్లదు. శబ్దాన్ని తగ్గించే మోడరేటర్ లేని 0.45 రైఫిల్ శబ్దానికి చెవులకు రక్షణ పెట్టుకోవలసిందే. వెనుకదన్ను కూడా ఉంటుంది. పైన చెప్పిన ద్రవ్యవేగపు లెక్క భుజానికీ వర్తిస్తుంది కదా. తుపాకీ మందు వాయువుల అదనపు తోపు లేకపోవడం వల్ల అది కొంత మెత్తగా అనిపిస్తుందంతే. 34 అంగుళాల బ్యారెల్‌లో గుండు ఐదారు మిల్లీసెకన్లు ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కిన వెంటనే తల ఎత్తే అలవాటు ఉన్నవారి గురి ఇక్కడే చెడుతుంది.

గాలి ఎలా నింపాలి?

చేతి పంపుతో నింపవచ్చు, కానీ 490 ఘనపు సెంటీమీటర్ల ట్యాంకును 3,000 పీఎస్ఐకి నింపడమంటే సుమారు వంద లీటర్ల గాలిని అందులోకి కుదించడం. రెండు మూడు షాట్లకోసారి ఆ కష్టం పడటం ఎవరికీ ఎక్కువ రోజులు సాగదు. పైగా పంపు వేడెక్కినప్పుడు తేమ ట్యాంకులోకి పోయి వాల్వ్‌ను తుప్పుపట్టిస్తుంది.

4,500 పీఎస్ఐ సామర్థ్యమున్న పెద్ద కార్బన్ ఫైబర్ సిలిండర్ అన్నిటికంటే అనువైనది. 9 లీటర్ల సిలిండర్ నిండుగా ఉంటే, 2,000 పీఎస్ఐకి దిగిన టెక్సన్‌ను మళ్లీ 3,000కు పాతికసార్లకు పైగా నింపవచ్చు. హ్యామర్ దగ్గర లెక్క మారుతుంది. దాని ట్యాంకుకు కావలసింది 4,500 కనుక సిలిండర్‌లో పీడనం ప్రతి నింపుకూ నాలుగైదు బార్ల చొప్పున తగ్గుతూ, మొదటి కొన్ని నింపుల తర్వాత నిండు ట్యాంకు దొరకదు. రెగ్యులేటర్ 3,000 దగ్గరే ఉండటం వల్ల షాట్ల శక్తి తగ్గదు, సంఖ్య తగ్గుతుంది. అందుకే నింపు పీడనం ఎక్కువగా ఉన్న రైఫిల్ కొనేవారు కంప్రెసర్ ఖర్చును కూడా రైఫిల్ ధరలోనే కలిపి చూసుకోవాలి.

స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ నింపకూడదు. అధిక పీడనంలో అది కొద్దిపాటి నూనెతో, జిడ్డుతో కలిసినా పేలుడు జరుగుతుంది. గాలి తగిలే భాగాలకు పెట్రోలియం నూనెలు రాయకూడదు, సిలికాన్ గ్రీజు మాత్రమే వాడాలి. సిలిండర్లకు నిర్ణీత కాలానికోసారి నీటి పీడన పరీక్ష చేయించాలి.

చలికి, ఎండకు రైఫిల్ పనితీరు మారుతుందా?

మారుతుంది. 30 డిగ్రీల దగ్గర 3,000 పీఎస్ఐ నింపిన ట్యాంకు 10 డిగ్రీల చలిలో 2,800కు వస్తుంది, ఒక్క చుక్క గాలి పోకుండానే. వేగంగా నింపినప్పుడు వేడెక్కిన ట్యాంకు చల్లారాక కూడా ఇదే జరుగుతుంది. నెమ్మదిగా నింపి, కాసేపాగి, మళ్లీ గేజీ చూడాలి. నిండు ట్యాంకు ఉన్న రైఫిల్‌ను ఎండలో నిలిపిన కారులో వదలకూడదు.

బాణాలు వదిలే ఎయిర్ గన్లు వీటికి ప్రత్యామ్నాయమా?

దగ్గరి దూరానికి అవును. 2016లో వచ్చిన బెంజమిన్ పయనీర్ ఎయిర్‌బో 375 గ్రెయిన్ల బాణాన్ని 450 అడుగుల వేగంతో వదులుతుందని, ఒక నింపుకు ఎనిమిది షాట్లు వస్తాయని కంపెనీ ప్రకటించింది. శక్తి 170 ఫుట్-పౌండ్ల లోపే అయినా పదునైన బాణపు మొన కోసుకుంటూ పోతుంది కనుక ఆ అంకెను స్లగ్ శక్తితో పోల్చకూడదు.

చట్టం ఏం చెబుతుంది?

దేశాన్ని బట్టి, కొన్నిచోట్ల రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. అమెరికా ఫెడరల్ చట్టం ఎయిర్ గన్‌ను తుపాకీగా లెక్కించదు, వేట నిబంధనలు మాత్రం రాష్ట్రాలవి. టెక్సస్‌లో జింక వంటి పెద్ద జంతువులకు కనీసం 0.30 క్యాలిబర్ ఉండాలి, దానితో పాటు 150 గ్రెయిన్ల గుండు 800 అడుగుల వేగంతో వెళ్లాలి, లేదా మజిల్ (బ్యారెల్ ముందు కొస) దగ్గర 215 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలి. 200 ప్రకటించిన రైఫిల్ ఈ గీత దాటుతుందో లేదో ప్రకటన చెప్పదు, క్రోనోగ్రాఫ్ చెబుతుంది. మిస్సోరీ జింకకు కనీసం 0.40 క్యాలిబర్ కోరుతుంది.

బ్రిటన్‌లో 12 ఫుట్-పౌండ్లు దాటిన ఎయిర్ రైఫిల్‌కు ఫైర్‌ఆర్మ్ సర్టిఫికెట్ కావాలి, ఇంగ్లండ్‌లో 1991 నాటి జింకల చట్టం ఎయిర్ రైఫిల్‌తో జింకను చంపడాన్నే నిషేధిస్తుంది. జర్మనీలో లైసెన్సు లేకుండా ఉంచుకోగల హద్దు 7.5 జౌల్స్. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది, 20 జౌల్స్ లేదా 4.5 మిల్లీమీటర్లు మించిన ఎయిర్ రైఫిల్‌కు 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు తప్పనిసరి. ఇందులో చర్చించిన ప్రతి రైఫిల్ ఆ హద్దుకు ఎంతో పైన ఉంటుంది.

వాడిన రైఫిల్ కొనేటప్పుడు ఏం చూడాలి?

ముందుగా ట్యాంకు మీద ముద్రించిన తయారీ తేదీ, పరీక్ష తేదీ. తర్వాత గాలి నిలుపుదల: సాయంత్రం నింపి, చల్లారాక గేజీ అంకె రాసుకుని, మర్నాడు అదే ఉష్ణోగ్రత దగ్గర మళ్లీ చూడాలి. అంకె దిగితే కీళ్ల దగ్గర సబ్బు నీళ్లు రాస్తే ఎక్కడ లీకవుతోందో బుడగలు చూపిస్తాయి. గాలి పోకుండా ఆపే రబ్బరు వలయం, అంటే ఓ-రింగ్ దగ్గరైతే మార్పించడం చిన్న పని. బ్యారెల్ లోపలి నుంచి బుడగలు వస్తుంటే లోపం వాల్వ్ సీటులో ఉన్నట్టు, దాన్ని ధరలో తగ్గించమని అడగవచ్చు. ట్యాంకు మీద లోతైన గీతలు, కార్బన్ ఫైబర్ పోగులు లేచిన జాడలు కనిపిస్తే బేరమే ఆడకూడదు.